పిండంలో మొహం ఎలా రూపు కడుతుంది? కోడిగుడ్డులో చూడొచ్చా? గ్రహణం మొర్రి గ్రహణం వల్లేనా?

అమలాపురం దగ్గర డిగ్రీ మూడో ఏడు జువాలజీ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "ఐదు బుడిపెలు పెరిగి కలిస్తే మొహం అవుతుందని పుస్తకంలో బొమ్మ వేసి వదిలేశారు. ఏ బుడిపె ఎక్కడ, ఎంత పెరగాలో కణాలకి ఎవరు చెబుతారు? ప్రాజెక్టుకి దీన్ని కోడిగుడ్లలో చూపించగలనా? మా పిన్నికి పుట్టిన బాబుకి గ్రహణం మొర్రి. ఐదో నెలలో గ్రహణం పూట కత్తిపీట ముట్టుకుందని ఇంట్లో అందరూ ఆవిడనే అంటున్నారు. నిజమేనాండీ?"

మూడింటికీ ముందు సూటిగా జవాబు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్తాను.

మొహానికి పెద్ద మేస్త్రి అంటూ ఎవరూ లేరు. మెదడు ముందు భాగం, చర్మం కాబోయే పైపొర, గొంతు లోపలి పొర, వీటి మధ్యకి వలస వచ్చి చేరిన న్యూరల్ క్రెస్ట్ కణాలు: ఈ నాలుగూ పక్కపక్కనే ఉండి, గుప్పెడు రకాల సంకేత పదార్థాలను ఒకదాని మీదికి ఒకటి వదులుకుంటూ ఎవరేం చేయాలో తేల్చుకుంటాయి. అదే పదార్థం ఎక్కడ అందింది, ఎంత అందింది, ఎప్పుడు అందింది అన్నదాన్ని బట్టి ముక్కో దవడో అవుతుంది.

కోడిగుడ్డులో చూడొచ్చు. ఖర్చు కూడా తక్కువే. కాకపోతే కొట్లో అమ్మే గుడ్డు పనికిరాదు.

గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదు. ఐదో నెల వచ్చేసరికి పై పెదవి అతుక్కోవడం ముగిసి రెండు నెలల పైమాటే. అతుక్కున్న పెదవిని కత్తిపీట విడదీయలేదు. మీ పిన్నిగారి తప్పు ఇందులో లేదు, ఈ మాట ఇంట్లో గట్టిగానే చెప్పండి.

ఒక్క సంగతి ముందే గుర్తుపెట్టుకోండి. ఈ జవాబులో వారాలన్నీ గర్భం కట్టిన రోజు నుంచి లెక్క. డాక్టర్లు ఆఖరి నెలసరి నుంచి లెక్కేస్తారు కాబట్టి స్కాన్ రిపోర్టుతో పోల్చేటప్పుడు రెండు వారాలు కలుపుకోండి. ఈ రెండు లెక్కలూ కలగాపులగం కావడం వల్లే సగం గందరగోళం వస్తుంది.

వలస వచ్చే కణాలు

పిండం వీపు మీద నాడీ నాళం (మెదడు, వెన్నుపాము కాబోయే గొట్టం) ముడుచుకుని మూసుకునే చోట, ఆ అంచుల నుంచి కొన్ని కణాలు పక్కవాటి పట్టు వదిలించుకుని బయటికి నడుస్తాయి. ఇవే న్యూరల్ క్రెస్ట్ కణాలు. మనిషిలో ఇది నాలుగో వారం ప్రాంతంలో, కోడిలో గుడ్డు పొదిగేసిన 30-36 గంటలకి జరుగుతుంది. మొహంలోని ఎముక, మృదులాస్థి, పంటి లోపలి డెంటిన్ దాదాపు అన్నీ వీటి నుంచే వస్తాయి. కండరాలు మాత్రం వీటివి కావు, అవి మధ్యస్త్వచం (పిండం మూడు పొరల్లో మధ్యది) నుంచి వస్తాయి. పరీక్షలో చాలామంది ఇక్కడే తప్పు రాస్తారు.

నాలుగో వారం చివరికి ఈ కణాలు నిండి ఐదు బుడిపెలు ఉబ్బుతాయి: నుదురు, ముక్కు వైపు ఒకటి, పైదవడకి రెండు, కిందదవడకి రెండు. మధ్యలో నోరు కాబోయే గుంట. ఐదో వారంలో నుదుటి బుడిపె మీద రెండు పక్కలా చర్మం మందమై, లోపలికి గుంట పడి, ఆ గుంట చుట్టూ గుర్రపు నాడాలాగా ఒక కట్ట లేస్తుంది. అదే ముక్కు రంధ్రం మొదలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ వలస కణాలు ప్లాను చేత పట్టుకుని వస్తాయా, వచ్చాక ఇరుగుపొరుగు చెప్పింది వింటాయా? దీనికి చక్కటి జవాబు బాతులిచ్చాయి. కోతలయ్యాక మన చేలల్లోకి దింపే బాతుల మందల్ని చూసే ఉంటారు, వాటి ముక్కు వెడల్పుగా పారలా ఉంటుంది. కంజు పిట్టది చిన్నగా కొసగా ఉంటుంది. 2003లో రిచర్డ్ ష్నైడర్, జిల్ హెల్మ్స్ బాతు పిండం నుంచి న్యూరల్ క్రెస్ట్ కణాలను తీసి కంజు పిండంలో పెట్టారు, అటుది ఇటు కూడా చేశారు. కంజుకి బాతు ముక్కు వచ్చింది, బాతుకి కంజు ముక్కు వచ్చింది. పైగా బాతు పిల్ల కావడానికి 28 రోజులు, కంజుకి 17 రోజులు పడుతుంది. మార్చిన కణాలు తమ పాత గడియారం ప్రకారమే నడిచి, చుట్టూ ఉన్న పైపొరను కూడా తమ వేగానికి లాక్కున్నాయి. అంటే ఆకారం ఏ జాతిదన్నది, ఏ వేగంతో పెరగాలన్నది ఈ కణాలతోనే వస్తుంది.

అలాగని అంతా వాటి చేతిలోనే ఉందనుకోకండి. 1983లో డ్రూ నోడెన్ కోడి పిండంలో దవడకి వెళ్ళాల్సిన క్రెస్ట్ కణాలను దాని వెనక చాపంలోకి (గొంతు పక్కన కమానులా ఉబ్బే భాగంలోకి) మార్చితే అక్కడ రెండో దవడ ఎముకలు వచ్చాయి. దాంతో చాలా ఏళ్ళు "కణాలు ముందే నిర్ణయించుకుని వస్తాయి" అని పాఠం చెప్పారు. 2002లో పాల్ ట్రైనర్, రాబ్ క్రమ్‌లాఫ్ బృందం ఆ ప్రయోగానికి ఇంకో అర్థం చూపించింది. కత్తిరించి పెట్టిన ముక్కతో పాటు మధ్య మెదడుకీ వెనక మెదడుకీ నడుమ ఉండే సన్నటి నడుం లాంటి భాగం కూడా వెళ్తే, అక్కడి నుంచి వచ్చే ఎఫ్‌జీఎఫ్8 అనే సంకేత ప్రొటీన్ వల్లే ఆ మార్పు రాగలదని తేలింది. అదే ఏడాది నికోల్ లె డువారెన్ బృందం గొంతు లోపలి పొర నుంచి చిన్న పట్టీ తీసి వేరే చోట అతికిస్తే అక్కడ అదనపు దవడ మృదులాస్థి వచ్చింది. కాబట్టి జాతి రూపం కణాలది, చోటు చెప్పేది ఇరుగుపొరుగు. మీ ప్రాజెక్టు రిపోర్టులో ఈ రెండు మాటలూ కలిపి రాయండి. ఒక్కటే రాస్తే సగం నిజమే అవుతుంది.

సంకేతం అంటే ఏమిటి, కణం దాన్ని ఎలా చదువుతుంది

ధవళేశ్వరం నుంచి కాలువకి నీళ్ళు వదిలితే తల దగ్గర చేలకి నిండుగా, మధ్య చేలకి ఓ మోస్తరుగా, శివారు భూములకి సన్నగా అందుతాయి. ఏ రైతుకీ విడిగా కబురు పెట్టక్కర్లేదు. తన తూము దగ్గర మట్టం ఎంతుందో చూసుకుని ఏం వేయాలో తనే తేల్చుకుంటాడు. సంకేత ప్రొటీన్ కూడా ఇలాగే పనిచేస్తుంది. పుట్టిన చోట చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా పరుచుకుంటుంది. కణం మీది గ్రాహకం ఆ చిక్కదనాన్ని పసిగడుతుంది, లోపల కొన్ని జన్యువులు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి. పోలిక ఇంతవరకే సరిపోతుంది. ఎందుకంటే పిండంలో ఒక్కో కణం దగ్గరికి నాలుగైదు కాలువల నీళ్ళు ఒకేసారి వస్తాయి, వాటిలో ఒకటి ఇంకోదాన్ని ఆపుతుంది కూడా.

ముఖ్యమైన వాటిలో మొదటిది సోనిక్ హెడ్జ్‌హాగ్. ఇది ముందుగా మెదడు అడుగున ఉన్న కణజాలం నుంచి, తర్వాత ముందు మెదడు నుంచి, ఆఖరికి మొహం పైపొర నుంచి వస్తుంది. ఈ మూడు మెట్లూ వరసగా జరగాలి. మొదటి మెట్టు తప్పితే మెదడు రెండు అర్ధభాగాలుగా విడిపోదు, కళ్ళు రెండుగా విడిపోవు. అమెరికాలోని ఐడహోలో 1950ల్లో గొర్రెలకి నుదుటి మధ్య ఒకే కన్నుతో పిల్లలు పుట్టాయి. కారణం ఒక కొండ మొక్క. చూడి కట్టిన 14వ రోజున తల్లి గొర్రె దాన్ని మేస్తే ఇలా అవుతోందని తేలింది. అందులోని పదార్థానికి సైక్లోపమైన్ అని పేరు పెట్టారు. అది హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని ఆపుతుందని 1998లో గానీ తెలియలేదు. మనుషుల్లో సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువు దెబ్బతింటే ఇదే రకం లోపం వస్తుందని 1996లో గుర్తించారు. అందరికీ ఒకే తీవ్రతలో రాదు. ఒకే కుటుంబంలో ఒకరికి తీవ్రమైన లోపం ఉంటే, ఇంకొకరికి ముందు పళ్ళు రెండు ఉండాల్సిన చోట మధ్యలో ఒక్కటే పన్ను ఉండొచ్చు, అంతే.

ఈ సంకేతం తక్కువైతే మొహం మధ్య భాగం ఇరుకైపోతుంది. ఎక్కువైతే కళ్ళ మధ్య ఎడం పెరిగి మొహం వెడల్పవుతుంది. కోడి పిండాల్లో రెండు వైపులా చేసి చూపించారు. మోతాదు అన్న మాటకి అర్థం ఇక్కడే తెలుస్తుంది: ఉందా లేదా అన్నది కాదు, ఎంత ఉందన్నది ప్రశ్న.

రెండోది ఎఫ్‌జీఎఫ్8. క్రెస్ట్ కణాలు బతికి ఉండడానికీ విభజన చెందడానికీ ఇది కావాలి. కోడి పిండం నుదుటి బుడిపె పైపొరలో మూడో రోజు ప్రాంతంలో ఒక విచిత్రం కనబడుతుంది. పై సగంలో ఎఫ్‌జీఎఫ్8, కింది సగంలో సోనిక్, మధ్యలో గట్టులాంటి సరిహద్దు. ఆ సరిహద్దు ఉన్న చోటే ముక్కు కొస బయటికి పొడుచుకొస్తుంది. ఆ చిన్న పైపొర ముక్కను కోసి వేరే చోట అతికిస్తే అక్కడ ఇంకో ముక్కు కొస మొలిచింది. ఇది కూడా 2003లోనే వచ్చిన పని, డయాన్ హూ, రాల్ఫ్ మార్కూసియో, హెల్మ్స్‌లది. మొహం గురించి ఒక్క ప్రయోగమే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. రెండు సంకేతాలు కలిసిన చోటే మూడో పని మొదలవుతుందని ఇంత స్పష్టంగా చూపించింది అరుదు.

మూడోది బీఎంపీ4. ముక్కు ఎంత లావు, ఎంత లోతు అన్నది దీని చేతిలో ఉంది. గలాపగోస్ దీవుల పిచుకల్లో గట్టి గింజలు కొరికే జాతికి లావు ముక్కు ఉంటుంది. వాటి పిండాల్లో బీఎంపీ4 తొందరగా, ఎక్కువగా వస్తుందని 2004లో చూపించారు. పొడవుకి వేరే మార్గం, కాల్మాడ్యులిన్ అనే ప్రొటీన్. అది 2006లో తేలింది. దవడలో బీఎంపీ4 కొస వైపు, ఎఫ్‌జీఎఫ్8 మూల వైపు ఉంటాయి. ఎలుకల్లో కొస వైపు బీఎంపీని ఆపితే కొరికే పన్ను రావాల్సిన చోట దవడ పన్ను లాంటిది వచ్చింది. పన్ను ఆకారం కూడా సంకేతం నిర్ణయించేదే.

కిందదవడ కిందదవడగానే పెరగడానికి ఎండోథెలిన్1 అనే సంకేతం కావాలి. అది డీఎల్‌ఎక్స్5, డీఎల్‌ఎక్స్6 జన్యువులను తెరుస్తుంది. ఆ రెంటినీ తీసేసిన ఎలుకల్లో కిందదవడ పైదవడలా మారింది. విటమిన్ ఏ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లం ఇంకోటి. ఇది మరీ తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే. మొటిమలకి వాడే ఐసోట్రెటినోయిన్ మాత్రలు గర్భంలో బిడ్డకి చెవులు, దవడ, గుండె లోపాలు తేవడానికి కారణం ఇదే. ఆ మాత్రలు ఆపాక కనీసం ఒక నెల ఆగి గాని గర్భం ప్రయత్నించకూడదు. మీ వయసు అమ్మాయిలు చాలామంది వాడుతున్న మందు కాబట్టి ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇక కాలం. దాళ్వాలో (రెండో పంటకి) నీళ్ళు వంతుల వారీగా ఇస్తారు. మీ వంతు దాటిపోయాక తూము ఎంత ఎత్తినా లాభం లేదు. కణాలకీ వంతు ఉంటుంది. సైక్లోపమైన్‌ను కోడి పిండానికి బాగా ముందు ఇస్తే ఒంటి కన్ను లాంటి లోపం వస్తుంది. కాస్త ఆలస్యంగా ఇస్తే కళ్ళు బాగానే ఉండి మొహం మధ్య భాగం మాత్రం కుంచించుకుపోతుంది. ఇంకా ఆలస్యమైతే పెద్దగా ఏమీ కాదు. అదే మందు, అదే పిండం, రోజు మాత్రం వేరు.

అతుకు ఎక్కడ తప్పుతుంది

పై పెదవి మూడు బుడిపెల కలయిక: ముక్కు గుంట లోపలి కట్ట, బయటి కట్ట, పైదవడ బుడిపె. ఆరు, ఏడు వారాల్లో ఇవి ఒకదానికొకటి తగులుతాయి. తగిలితే చాలదు. రెండు చర్మాలు ఆనుకున్న చోట మధ్యలో ఒక పైపొర గోడ మిగులుతుంది. ఆ గోడ కణాలు కొన్ని చచ్చిపోయి, కొన్ని జరిగిపోయి, గోడ కరిగితేనే రెండు వైపుల లోపలి కణజాలం ఒకటవుతుంది. అంటే మొర్రి రావడానికి రెండు దారులున్నాయి. బుడిపెలు తగినంత పెరగక ఒకదాన్నొకటి అందుకోలేకపోవడం ఒకటి, తగిలినా గోడ కరగకపోవడం ఇంకొకటి. మొదటిదానికి వింట్ అనే సంకేత కుటుంబం, ఎఫ్‌జీఎఫ్, సోనిక్ కారణం కావచ్చు. రెండోదాని వెనక ఐఆర్‌ఎఫ్6 లాంటి జన్యువులు ఉంటాయి. ఈ జన్యువు లోపంతో వచ్చే వాన్ డెర్ వూడ్ సిండ్రోమ్‌లో కింది పెదవి మీద రెండు చిన్న గుంటలు కనబడతాయి. బాబుకీ, తల్లిదండ్రులకీ కింది పెదవి ఒకసారి పరీక్షగా చూడమనండి. ఉంటే జన్యు వైద్యులకి చూపించాలి, ఎందుకంటే తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ జన్యు లోపం ఉంటే అది తర్వాతి బిడ్డకి చేరే అవకాశం సగానికి సగం.

అంగిలిది వేరే కథ. రెండు పలకలు మొదట నాలుకకి చెరో పక్కన నిలువుగా వేలాడతాయి. ఎనిమిదో వారంలో నాలుక కిందికి దిగితే అవి గబుక్కున పైకి లేచి అడ్డంగా తిరిగి, మధ్యలో కలుస్తాయి. 10-12 వారాలకి పని పూర్తి. ఇక్కడ గోడ కరిగించే సంకేతం టీజీఎఫ్ బీటా3. అది లేని ఎలుకల్లో పలకలు ఎదురెదురుగా వచ్చి తగిలినా అతుక్కోవు. కిందదవడ చిన్నదైపోతే నాలుక దిగడానికి చోటుండదు, పలకలు లేవలేవు. అలా వచ్చే అంగిలి చీలిక అంగిలి తప్పు కాదు, దవడది. పెదవి బాగుండి అంగిలి మాత్రమే చీలిన బిడ్డకి దవడ కూడా చూడాలనేది అందుకే.

ఇప్పుడు గ్రహణం. పెద్దవాళ్ళు ఆ పేరు ఎందుకు పెట్టారో ఊహించవచ్చు. ముక్క కొరికినట్టు కనబడే చంద్రుడూ, ముక్క కొరికినట్టున్న పెదవీ. పేరు పోలిక వల్ల వచ్చింది, కారణం వల్ల కాదు. గ్రహణం లేని రోజుల్లో కూడా, ప్రపంచం మొత్తం మీద సగటున సుమారు 700 మంది పిల్లల్లో ఒకరికి మొర్రి ఉంటోంది. గ్రహణం పూట గర్భిణిని మంచినీళ్ళు కూడా తాగనివ్వకుండా గంటల తరబడి పడుకోబెట్టడం వల్ల ఆమెకి నీరసం తప్ప ఏమీ రాదు.

అసలు కారణాలేమిటంటారా? ఎక్కువ మందిలో ఒక్క కారణం దొరకదు. చిన్న చిన్న జన్యు తేడాలు అనేకం, వాటికి తోడు పరిస్థితులు. తెలిసిన పరిస్థితులు ఇవి: పొగ, మద్యం, మూర్ఛకి వాడే కొన్ని మందులు (వాల్‌ప్రోయేట్, ఫెనిటాయిన్, టోపిరామేట్), గర్భం కట్టే నాటికే అదుపులో లేని షుగరు. మూర్ఛ మందు మాత్రం సొంతంగా ఆపేయకూడదు. గర్భానికి ముందే డాక్టరు మారుస్తారు. మేనరికం అయితే ఒకే జన్యువు జంటగా దెబ్బతిని వచ్చే లోపాలకి అవకాశం పెరుగుతుంది, కానీ ప్రతి మొర్రికీ మేనరికాన్ని తిట్టడం కూడా సరికాదు. వేరే లోపాలేవీ లేకుండా ఒక బిడ్డకి పెదవి చీలిక వచ్చిన జంటకి తర్వాతి బిడ్డకీ రావడానికి అవకాశం 100లో 3 నుంచి 5. గర్భానికి ముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం అందరు స్త్రీలకీ చెబుతారు. అది వెన్నెముక లోపాలను గట్టిగా తగ్గిస్తుంది, మొర్రి మీద దాని ప్రభావం అంత ఖాయం కాదు. రెండో నెల నిండాక మొదలెడితే మొహానికి ఉపయోగం ఏముంటుందో పైన చెప్పిన వంతుల లెక్కే చెబుతుంది.

బాబు సంగతికొస్తే, పాలు పట్టడం మొదటి సమస్య. అంగిలి కూడా చీలి ఉంటే చప్పరింపుకి గాలి పట్టు దొరకదు. పిండిన తల్లిపాలు ఉగ్గుగిన్నెతో, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టినట్టు పట్టుకుని, కొంచెం కొంచెంగా పోయాలి. మధ్యమధ్యలో త్రేన్పు తెప్పించాలి. పడుకోబెట్టి పోస్తే పాలు ముక్కులోకి, చెవి గొట్టంలోకి వెళ్తాయి. పెదవి ఆపరేషన్ సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలిది మాటలు రాకముందే 9-18 నెలల మధ్య చేస్తారు. బరువు పెరగని బిడ్డకి వాయిదా వేస్తారు కాబట్టి వారం వారం తూకం చూడండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చూసే జబ్బుల జాబితాలో మొర్రి ఉంది. ఆశా కార్యకర్తకి గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని చెబితే జిల్లా కేంద్రానికి పంపుతారు. చెవి పరీక్ష మర్చిపోకండి. అంగిలి చీలిన పిల్లలకి మధ్య చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతుంది, దాంతో మాట ఇంకా ఆలస్యమవుతుంది.

ఇక గుడ్లు

తణుకు, అనపర్తి వైపు కోళ్ళ ఫారాల నుంచి లారీల్లో వెళ్ళే గుడ్లలో పిండం ఉండదు. ఆ షెడ్లలో పెట్టలే తప్ప పుంజులుండవు. పిల్లలు తీసే హేచరీ గుడ్లు గాని, పుంజుతో తిరిగే నాటు పెట్ట గుడ్లు గాని తెచ్చుకోండి. ఒకటి పగలగొట్టి చూడండి: పచ్చసొన మీద 4-5 మిల్లీమీటర్ల తెల్లటి ఉంగరంలా ఉంటే పొదిగే గుడ్డు, చిన్న గట్టి చుక్కలా ఉంటే కాదు. రెండు డజన్లతో మొదలెట్టండి, అన్నీ ఎదగవు.

పెట్టిన వారంలోపు గుడ్లే వాడాలి. 15-18 డిగ్రీల్లో ఉంచాలి. మన ఎండాకాలంలో గది వేడికే పిండం సగం మొదలై, సరిగ్గా సాగక చచ్చిపోతుంది. మే నెలలో చేసిన ప్రాజెక్టులు ఎక్కువగా పాడయ్యేది ఇందుకే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. బండి మీద తెచ్చిన గుడ్లను వెంటనే పొదగేయకండి. వెడల్పు కొస పైకి పెట్టి ఒక రాత్రి కదలకుండా వదిలేయండి.

ఇంక్యుబేటర్ 37.5-38 డిగ్రీలు, అడుగున నీళ్ళ పళ్ళెం, తేమ 55-60 శాతం. థర్మామీటరు గుడ్ల మట్టంలో ఉండాలి, మూత దగ్గర కాదు. చల్లబడడం కన్నా వేడెక్కడం ఎక్కువ ప్రమాదం. గంటా రెండు గంటల కరెంటు కోతని పిండం తట్టుకుంటుంది, మూత తెరవకుండా దుప్పటి కప్పితే చాలు. కానీ 39 దాటి నిలిస్తే లోపాలు వస్తాయి, మీరు వాటిని ప్రయోగ ఫలితం అనుకుని పొరబడతారు. గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ, గంట రాయండి. ఇంకు పెన్ను వద్దు.

గుడ్డును పక్కకి పడుకోబెట్టి పొదగండి, పిండం పైవైపుకి తేలుతుంది. 48-60 గంటలకి (క్రెస్ట్ వలస చూడాలనుకున్న గుడ్లకైతే 33 గంటలకే) వెడల్పు కొస దగ్గర చిన్న చిల్లు చేసి, 18 గేజి సూదిని కిందికి వంచి 2-3 మిల్లీలీటర్ల తెల్లసొన లాగేయండి. ఈ పని మానేస్తే పిండం పెంకు లోపలి పొరకి అంటుకుని, కిటికీ కోయగానే చిరిగిపోతుంది. పైభాగం మీద పారదర్శక టేపు అంటించి, వంపు కత్తెరతో రూపాయి నాణెమంత కిటికీ కోయండి. టేపు లేకపోతే పెంకు పొడి లోపల పడుతుంది. చూశాక టేపుతో మూసి మళ్ళీ పెట్టొచ్చు, కొద్దిపాటి సందు వదిలినా ఎండిపోతుంది.

రెండో రోజు పిండం పచ్చసొన మీద అస్సలు కనబడదు. నల్ల ఇంకును ఉప్పు ద్రావణంలో పదో వంతుకి పలచన చేసి, సన్న సూదితో పిండం కిందికి ఒక్క చుక్క పంపితే తెల్లగా తేలి కనబడుతుంది. లక్క కలిసిన ఇంకు వాడితే పిండం చస్తుంది. ద్రావణానికి లీటరు నీళ్ళలో 7.2 గ్రాముల ఉప్పు, 0.37 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 0.23 గ్రాముల కాల్షియం క్లోరైడ్ (రెండు నీటి అణువులున్నది) కలపండి. కాల్షియం ఆఖర్న వేయండి.

ఏ రోజు ఏం చూడాలి? 33-38 గంటలకి క్రెస్ట్ వలస. మూడో రోజుకి దవడ చాపాలు, ముక్కు గుంటలు. నాలుగు నుంచి ఆరో రోజు దాకా అసలు పండగ, బుడిపెలు పెరగడం, కలవడం అంతా అప్పుడే. ఈ మూడు రోజులకీ ఎక్కువ గుడ్లు కేటాయించండి. ఏడో రోజుకి ముక్కు, దాని కొస మీద గుడ్డు పగలగొట్టే తెల్లటి ముల్లు కనబడతాయి. గంటలను నమ్మకండి. కోడి పిండం ఎదుగుదలని దశలుగా చూపే 1951 నాటి హాంబర్గర్-హామిల్టన్ పట్టికతో పోల్చి దశ సంఖ్య రాయండి. ఒకే గంటకి తీసిన రెండు పిండాలు రెండు దశల తేడాతో ఉండడం మామూలే.

చాలామందికి నిరాశ కలిగేది ఒకటుంది. పిండం ఎడమ పక్కకి తిరిగి పడుకుంటుంది కాబట్టి కిటికీలోంచి కుడి చెంపే కనబడుతుంది. మొహం ఎదురుగా చూడాలంటే పిండం చుట్టూ పొరలు కత్తిరించి, చిల్లుల చెంచాతో చల్లటి ద్రావణంలోకి తీసి, మెడ దగ్గర కోసి, అగార్‌లో చేసిన చిన్న గుంటలో తలను మొహం పైకి పెట్టాలి. దీపం పక్క నుంచి పడాలి. పైనుంచి పడితే బుడిపెల మధ్య గాడులు మాయమవుతాయి. అంగిలి కోసం మాత్రం కోడిని నమ్ముకోకండి. పక్షుల్లో ఆ పలకలు మామూలుగానే మధ్యలో కలవవు, ఆ చీలిక లోపం కాదు.

ఎనిమిది, తొమ్మిది రోజుల పిండాల్లో దవడ మృదులాస్థికి నీలం రంగు ఎక్కించొచ్చు. 95 శాతం ఆల్కహాల్‌లో రెండు రోజులు ఉంచి, చర్మం, కళ్ళు తీసేసి, 80 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌కి 20 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, 15 మిల్లీగ్రాముల ఆల్షియన్ బ్లూ కలిపిన దాంట్లో ఒకటి రెండు రోజులు ఉంచండి. ఆల్కహాల్‌తో కడిగి, మెల్లగా నీళ్ళలోకి తెచ్చి, 1 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి కండ పారదర్శకం అయ్యే దాకా చూస్తూ ఉండండి. ఇక్కడ మరిచిపోయి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కండ తేటపడగానే మెట్లు మెట్లుగా గ్లిజరిన్‌లోకి మార్చండి.

సైక్లోపమైన్, రెటినోయిక్ ఆమ్లం డిగ్రీ ల్యాబులో ముట్టుకోవద్దు. మీకే ప్రమాదం. సంకేతాల గురించి చూపించాలంటే వాటికన్నా మంచి దారి మీ ఊళ్ళోనే ఉంది. బాతులు మేపేవాళ్ళ దగ్గర ఓ డజను పొదిగే గుడ్లు అడిగి, కోడిగుడ్ల పక్కనే పెట్టండి. ఆరో రోజు కోడి పిండానికి సమానమైన దశ బాతులో సుమారు రెండు రోజులు వెనక వస్తుంది, అందుకే ఇక్కడా దశ చూసే పోల్చాలి. నుదుటి బుడిపెలో వేగంగా పెరిగే చోట్లు మొదట రెండు పక్కలా రెండుంటాయి. కోడిలో అవి మధ్యకి జరిగి ఒకటవుతాయి, ముక్కు కొసదేరుతుంది. బాతులో రెండూ విడిగానే ఉండిపోతాయి, ముక్కు వెడల్పవుతుంది. దీన్ని బీఎంపీ4తో కలిపి 2004లో పింగ్ వూ, చెంగ్-మింగ్ చువాంగ్ బృందం చూపించింది. మీ దగ్గర ఆ ప్రొటీన్‌ను చూసే రంగులుండవు. కానీ రెండు జాతుల్లోనూ ఒకే దశ తలలు ఐదేసి తీసుకుని, నుదుటి బుడిపె వెడల్పును స్కేలున్న మైక్రోస్కోపు ఐపీస్‌తో మిల్లీమీటర్లలో కొలవండి. పిండాలు చిన్నా పెద్దా ఉంటాయి కాబట్టి ఆ అంకెను కళ్ళ మధ్య దూరంతో భాగించి, ఆ నిష్పత్తిని నాలుగు వరస దశలకి గ్రాఫు గీయండి. రెండు గీతలూ ఏ దశ దగ్గర విడిపోతున్నాయన్నదే మీ ప్రాజెక్టు ఫలితం.